మహారాజశ్రీ నెయిల్ కట్టరు గారి సముఖానికి

గోదావరి డెల్టాలోని నరసాపురం నుంచి ఒక మేనల్లుడు తన మేనత్త గారి బొటనవేలి తరఫున వ్రాసుకొను విన్నపము ఏమనగా:

తమరు పొట్టివారైనా గట్టివారు. రెండంగుళాల దేహం, దాని మీద చిటికెడంత మీట, పట్టుకుంటే జారిపోయే నునుపు, ఇంతటి స్వల్ప సామగ్రితో ఇంటింటి సొరుగులోనూ కొలువుదీరి, గోరు తీసుకోవడానికి వచ్చిన ప్రతి చేతికీ ముందు బలపరీక్ష పెడతారు. ఆ పరీక్షలో ఓడిన చేతిదే లోపమని, తమది ఎంతమాత్రం కాదని లోకాన్ని ఇన్నేళ్ళుగా నమ్మిస్తున్న తమ చాతుర్యం సామాన్యమైనది కాదు.

మా అత్తయ్య గారివి చేతకాని వేళ్ళు కావని ముందుగా మనవి చేస్తున్నాను. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసును దశాబ్దాల పాటు కొక్కెపు సూదితో అల్లిన వేళ్ళవి. ఇప్పుడు వాటి చివరి కణుపుల దగ్గర కీళ్ళ అరుగుదల వల్ల గట్టి బుడిపెలు వచ్చాయి. వైద్యులు వాటిని 18వ శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్ పేరుతో పిలుస్తారు. గోళ్ళు తీసుకునే పూట అత్తయ్య గారు తమరిని పిలిచే పేర్లు మాత్రం ఈ లేఖలో వ్రాయదగినవి కావు.

తమ మీటను బొటనవేలు, చూపుడువేలి కొనల మధ్య ఇరికించి నొక్కాలి. అలా కొనలతో ఒక కిలో ఒత్తిడి పెడితే బొటనవేలి మొదట్లో ఉన్న కీలు మీద సుమారు 12 కిలోల భారం పడుతుందని కూనీ, చావ్ అనే పరిశోధకులు 1977లోనే లెక్క కట్టారు. అరిగిపోయేది కూడా తరచుగా ఆ కీలే. అంటే తమరు వెతికి వెతికి నొప్పి ఉన్నచోటే నొక్కమంటున్నారు. ఒలుపుడు గునపం దాచేసి కొబ్బరికాయను గోళ్ళతో ఒలవమన్నట్టుంది ఈ వ్యవహారం.

తమ దర్శన వేళల సంగతి మరీ చిత్రం. మంగళ, శుక్రవారాల్లో గోళ్ళు తీయరాదు. దీపాలు పెట్టాక అసలే తీయరాదు. పొద్దున్నే తీద్దామంటే వేళ్ళు బిగుసుకుని ఉంటాయి. అరుగుదల ఉన్న అత్తయ్య గారికి అవి అరగంటలోపే సడలుతాయి గాని, రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్న పక్కింటి పిన్నిగారికి గంట దాటినా సడలవు. గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేశాక గోళ్ళు మెత్తబడి, వేళ్ళు కాస్త మాట వినే ఆ కొద్దిసేపే శుభ ముహూర్తం. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది, లేదా చుట్టాలు వస్తారు. ఈ నేరం మాత్రం తమ మీద మోపను.

1990లో అమెరికాలో శామ్ ఫార్బర్ అనే పెద్దమనిషి, కీళ్ళ నొప్పులతో భార్య కూరగాయల తొక్క తీసే పనిముట్టు పట్టుకోలేకపోవడం చూసి, లావైన మెత్తని రబ్బరు పిడితో వంటింటి పనిముట్లు తయారుచేయించాడు. ఆయన వేళ్ళను తప్పు పట్టలేదు, పిడిని మార్చాడు. తమ వంశంలోనూ అటువంటి సద్బుద్ధి గలవారున్నారు: బల్లకు అతుక్కునే పీట మీద కూర్చుని, పొడవాటి మీటను అరచేత్తో అదిమినా పనిచేసేవారు కొందరైతే, అసలు కత్తిరించకుండా గోరును మెల్లగా అరగదీసే బ్యాటరీవారు మరికొందరు. తమ దాయాదులైన టూత్‌బ్రష్షు, దువ్వెన గార్ల సన్నని పిడులకు స్పాంజి గొట్టం తొడిగితే వారూ దారికొచ్చారు. చేయి భుజం దాటి లేవనివారికి పొడవు పిడి దువ్వెన కావాలి. అయితే పొడవుతో పాటు బరువూ పెరిగితే మణికట్టు మళ్ళీ మొర పెడుతుంది.

ఇంతకన్నా గొప్ప వేడుక అంగడిలో ఉంది. పెద్దలకు ప్రత్యేకం అని రాసిన అట్ట మీద బొమ్మలో చేయి ఇరవై ఏళ్ళ అమ్మాయిది. ఆ సులువైన పనిముట్టును బయటికి తీయాలంటే బిగించిన ప్లాస్టిక్‌ను చించగల వస్తాదు కావాలి. అందుకే అట్ట మీది మాటలు చదవడం మానేసి, నమూనా చేతికిమ్మని అడుగుతున్నాం. వేలి కొనలతో పని లేకుండా పిడికిలికి అందుతుందా, కొబ్బరినూనె చేతిలో జారుతుందా, నొక్కి వదిలితే దానంతటదే తెరుచుకుంటుందా అని అత్తయ్య గారే చూసుకుంటారు. కొట్టువాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

తమరు మీటను పొడిగించుకుని, ఆ నునుపు మీద కాస్త గరుకు తెచ్చుకునేదాకా పై సొరుగును పొడవు మీటవారికి కేటాయించాం. తమ నడుముకు మడిచిపెట్టుకున్న సీసా మూతలు తీసే కొక్కెంతో పిల్లలకు సోడా మూతలు తీసిపెడుతూ తమరు కింది సొరుగులో సుఖంగా ఉండవచ్చు.

ఇట్లు,
బొటనవేలి తరఫున,
నరసాపురం మేనల్లుడు