బాతుల కోసం బయల్దేరే ముందు నీళ్ల సంగతి అడగండి

సంక్రాంతి దగ్గరపడితే చాలు, ‘పులికాట్ సరస్సు వైపు బాతుల వేటకు పోదామా’ అన్న మాట తిరుపతిలో వినపడుతుంది. సరదాకి అనేవాళ్ల సంగతి సరే. నిజంగానే అనేవాళ్లకు ముందే తేల్చి చెప్పాలి. మన దేశంలో అడవి బాతును తుపాకీతో కొట్టినా, వలేసి పట్టినా, ఉచ్చు పెట్టినా నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో లైసెన్సు మీద వేటకు కొంత వీలుండేది. 1991 సవరణ ఆ వీలు కూడా తీసేసింది. ‘మాంసం కూడా ఇప్పిస్తా సార్’ అనే గైడు ఎదురైతే అక్కడినుంచే వెనక్కి తిరగండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి బాతుల వేట ఫొటోలు పంపితే ఇక్కడివాళ్లకు ఆశ పుట్టడం సహజం. అక్కడ 16 ఏళ్లు నిండిన వేటగాడు రాష్ట్ర లైసెన్సుతో పాటు 25 డాలర్లు పెట్టి డక్ స్టాంపు, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం అమ్మే వేట అనుమతి స్టాంపు, కొనాలి. 1934 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. అందులో ప్రతి డాలరుకు 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికి, కాపాడడానికి పోతాయి. వేట నాకు నచ్చదు గానీ, పక్షి కోసం పెట్టిన డబ్బు పక్షి బతికే నీళ్లకే చేరడం మాత్రం చాలా నచ్చింది. మనం వెళ్లేది చూడడానికే. మరి మన డబ్బు ఎవరికి చేరుతోంది?

ముందు చోటు సంగతి. నిండుకుండలా ఉన్న చెరువు చూసి బాతులు బాగా ఉంటాయనుకుంటారు. నిజానికి సూదితోక బాతు లాంటివి తల నీళ్లలో ముంచి, తోక పైకెత్తి, అడుగున ఉన్న గింజలూ పురుగులూ ఏరుకుని తింటాయి. మెడ అడుగుకు అందనంత లోతుంటే వాటికి తిండి దొరకదు. అందుకే దగ్గరే కదా అని లోతుగా ఉండే కల్యాణి డ్యాంకు పోయేకంటే, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట దాకా పోవడం మేలు. అక్కడినుంచి శ్రీహరికోట రోడ్డు పులికాట్ మధ్యలోంచే పోతుంది. రెండు పక్కలా లోతులేని ఉప్పునీళ్లే. ఈశాన్య రుతుపవనాలు గట్టిగా కురిసిన ఏడాది పక్షులు చుట్టుపక్కల చెరువులన్నిటికీ చెదిరిపోతాయి. ఆ చెరువులు తగ్గేకొద్దీ మళ్లీ ఒకచోట చేరతాయి. కాబట్టి క్యాలెండరు చూసి కాదు, నీటిమట్టం కనుక్కుని బయల్దేరాలి. నేలపట్టు పక్షుల అభయారణ్యం దారిలోనే ఉంది, తప్పక ఆగండి. కాకపోతే అక్కడి అసలు ఆకర్షణ చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు. పేరులో బాతు ఉన్నా అవి బాతులు కావు.

గైడు విషయంలో నాది ఒకటే పరీక్ష. ఫోన్‌లో ‘ఈ వారం నీళ్లు ఎలా ఉన్నాయి?’ అని అడగండి. ‘మోకాలి లోతుంది, తూర్పు పక్కన ఎండిపోయింది, పొద్దున్నే వస్తే ఎండ వెనకనుంచి పడుతుంది’ అన్నవాడు రోజూ సరస్సును చూస్తున్నవాడు. ‘ఎప్పుడొచ్చినా గ్యారంటీ, పడవలో పక్కకే తీసుకెళ్లి ఎగరేయిస్తా’ అన్నవాడు వద్దు. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పక్షి ఇక్కడ తిండి తిని తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడగట్టుకోవాలి. మన ఫొటో కోసం లేపిన ప్రతిసారీ ఆ కొవ్వే కరుగుతుంది. కారు మాట్లాడుకుంటే డ్రైవరే గైడయిపోవడం మన దగ్గర మామూలు. ఆయన దారి చూపగలడు, నీళ్లు చదవలేడు. పులికాట్‌లో ఎక్కడ బురద దిగబడుతుందో, ఏ దిబ్బ మీద ఏ పక్షి వాలుతుందో తెలిసినవాళ్లు అక్కడి జాలర్లు, యానాదులు. వాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లి, కూలి లెక్కన కాకుండా గైడుకిచ్చే డబ్బే ఇవ్వండి. బతికున్న బాతు వల్ల ఇంట్లోకి డబ్బొస్తుంటే, ఉచ్చు పెట్టేవాణ్ణి ఊరే అడ్డుకుంటుంది.

ఈ పని సందర్శకుల మంచితనానికే వదిలేస్తే సాగదు. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ 2001 నుంచీ ఉన్నదే. సాంస్కృతిక కార్యక్రమాలతో పాటు, ఒడ్డు పల్లెల యువతకు పక్షుల గుర్తింపులో శిక్షణ, గుర్తింపు కార్డు, అందరికీ తెలిసేలా బోర్డు మీద రాసిన రేటు కూడా అందులో భాగం కావాలి. అటవీ శాఖ, పర్యాటక శాఖ కలిసి కూర్చుంటే వచ్చే సీజనుకే మొదలుపెట్టవచ్చు.