విమానం యాడ పెట్టాలో చెప్పేదానికి నువ్వెవరప్పా?

కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో తెరుచుకుంది. కడపకు 2015లోనే ప్రయాణికుల విమానం వచ్చింది. పుట్టపర్తిలో అయితే 1990 నాటికే రన్‌వే ఉంది. కాబట్టి రన్‌వేల విషయంలో సీమకు అన్యాయం జరిగిందని ఎవరూ అనలేరు. వాటి మీద దిగే విమానాలకే కాస్త కరువు. కరువు మనకు కొత్తేం కాదు గానీ, ఊరికే చూస్తూ కూర్చోవడం మర్యాద కాదు. అందుచేత ఓర్వకల్లులో ఒక ఫ్లై-ఇన్ జరపాలని ఈ వ్యాసకర్త సవినయంగా ప్రతిపాదిస్తున్నాడు.

ఫ్లై-ఇన్ అంటే చిన్న విమానాల తిరునాళ్ళ. సొంత విమానం ఉన్నవాళ్ళు, ఇంటి షెడ్డులో తామే బిగించుకున్న విమానం ఉన్నవాళ్ళు ఎగురుకుంటూ వచ్చి, పచ్చికలో వరసగా నిలిపి, రెక్క కింద గుడారం వేసుకుని, పక్కవాడి ఇంజన్లోకి తొంగిచూసి మనదే మేలనుకుని పోతారు. అమెరికాలో ఈఏఏ అనే విమానప్రియుల సంఘం 1953లో పుట్టింది. ఆ సంఘంవాళ్ళు విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్‌లో 1970 నుంచి, కోవిడ్ ఏడాది తప్ప, ప్రతి జూలై చివర్లో ఈ తిరునాళ్ళ జరుపుతున్నారు. సుమారు 10,000 విమానాలు వస్తాయి. అన్నిటినీ వరసల్లోకి మళ్ళించి నిలబెట్టే పని చాలావరకు జీతం లేని మనుషులదే.

మనం జరపాలంటే ముందు ఏం కావాలని అడిగితే రన్‌వే, పెట్రోలు, అనుమతులు, అంబులెన్సు అంటారు. అనుభవం లేనివాళ్ళ మాటలవి. మన దగ్గర దేనికైనా ముందు కావలసింది ఫిర్యాదుల విభాగం. లగ్నపత్రిక రాయకముందే భోజనాల మీద అలగడానికి మనిషి సిద్ధంగా ఉండే గడ్డ ఇది. విమానాలు ఏ రోజు దిగుతాయో చెప్పలేం గానీ, తనను ఎండలో పెట్టించినారనే పెద్దమనిషి మాత్రం ముందురోజు సాయంత్రానికే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

ఈ ఫిర్యాదులన్నీ పడేది విమానాలను వరసల్లో నిలబెట్టే పార్కింగు సిబ్బంది మీదే. ముందు వాళ్ళెవరో చూద్దాం. జీతం లేదు, భత్యం లేదు. ఇచ్చేది నారింజరంగు జాకెట్టు ఒకటి, కర్రలు రెండు, టోపీ, మధ్యాహ్నం ఒక పులిహోర పొట్లం. డిగ్రీ కాలేజీ ఎన్‌సీసీ పిల్లలు వస్తారు. రిటైరైన పీఈటీ సారు వస్తాడు. ఆయన విజిల్ తెచ్చుకుంటాడు. ఇంజన్ల చప్పుడులో విజిల్ ఎవరికీ వినబడదు సార్ అని చెప్పినా వినడు. సర్వీసంతా ఊదిన నోరు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి: జాకెట్టు వీపు మీద ‘వాలంటీర్’ అని మాత్రం రాయించకూడదు. రాయిస్తే చుట్టుపక్కల పల్లెల అవ్వలంతా విమానాల మధ్యకు నడిచొచ్చి, పింఛను ఏదిరా నాయనా అని నిలదీస్తారు.

రాబోయే ఫిర్యాదుల్లో మూడొంతులు చోటు గురించే ఉంటాయి. ఆష్‌కాష్‌లో దిగే పైలట్ తనకేం కావాలో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ముందు అద్దంలో పెడతాడు: గుడారం వేసుకుంటానా, ఊరికే నిలిపి పోతానా అని. సిబ్బంది ఆ కాగితం చదివి, అటు పో ఇటు పో అని చెయ్యి ఊపుతారు. ఈ పద్ధతి ఇక్కడ పనికిరాదు. మనవాళ్ళూ కాగితం పెడతారు, కాదనను. దాని మీద ‘ఎమ్మెల్యే గారి తాలూకా’ అని ఉంటుంది. ఆ తాలూకా ఏ వరసలో పెట్టాలో ఎన్‌సీసీ పిల్లవాడికి ఎవరూ నేర్పలేదు.

“ఏమప్పా, నా విమానం యాడ పెట్టించినావు?”

“తొమ్మిదో వరసలో సార్.”

“స్టేజీకి ఎంత దూరం?”

“అర కిలోమీటరు ఉంటుంది సార్.”

“మరి ఆయప్పది స్టేజీ పక్కనే పెట్టించినావే?”

“ఆయన పొద్దున ఆరింటికే దిగినాడు సార్.”

“ఆరింటికి దిగితే? ఆయప్ప నీకేమన్నా మేనమామనా?”

ఈ సంభాషణలో న్యాయం ఎవరి వైపు ఉందో తేల్చడం నా పని కాదు. ముందొచ్చినవాడికి ముందు చోటు అనే సిద్ధాంతం ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ వేసే రోజుల్లోనే మన దగ్గర ఓడిపోయింది.

చోటు తర్వాత నీడ. విమానాలు నిలిపే చోట చెట్లుండవు, ఉండకూడదు కూడా. ఉన్న నీడంతా రెక్కలదే. సెస్నా 172 అనే చిన్న విమానానికి రెక్క నెత్తిన ఉంటుంది, కింద ఇద్దరు చాప వేసుకుని పడుకోవచ్చు. పైపర్ చెరోకీకి రెక్క నడుము కింద ఉంటుంది, దాని నీడలో కోడి కూడా పడుకోదు. పక్కాయనకు నీడ ఇచ్చి నాకు ఇవ్వలేదని పైపర్ ఆసామి అర్జీ పెడతాడు. రెక్క ఎక్కడ బిగించాలో నిర్ణయించింది అమెరికాలోని ఫ్యాక్టరీ అని, జాకెట్టు వేసుకున్న పిల్లవాడు కాదని చెప్పిచూడండి. “ఫ్యాక్టరీ సంగతి నాకెందుకప్పా, ఇక్కడ బాధ్యుడు ఎవరు?” అంటాడు.

ఇక చేతి సైగలు. ఇవి దేశాలన్నీ కలిసి ఖరారు చేసుకున్నవి. రెండు చేతులూ పక్కలకు చాచి, మెల్లగా పైకెత్తి, తల మీద కర్రలు అడ్డంగా కలిపితే ఆగమని. అదే చటుక్కున చేస్తే ప్రమాదం ఉంది, ఉన్నపళంగా ఆగమని. ఇంతవరకు పేచీ లేదు. ఇంజను ఆపేయమనే సైగ దగ్గరే మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. చెయ్యి భుజం ఎత్తున ముందుకు చాచాలి, ఎడమ భుజం మీదికి తేవాలి, అక్కడి నుంచి గొంతు మీదుగా కుడివైపుకు సర్రున లాగాలి. ప్రపంచమంతటా దీనికి ఒకటే అర్థం. సినిమావాళ్ళ పుణ్యమా అని కర్నూలు, కడప, అనంతపురాల్లో మాత్రం రెండో అర్థం ఉంది. దాని తాలూకు అర్జీ ఎట్లుంటుందో ఇప్పుడే చెప్పగలను:

“ఆర్యా! నేను నా విమానమును వరసలో నిలుపుచుండగా, జాకెట్టు ధరించిన యువకుడొకడు నా వైపు తీక్షణముగా చూచుచు, గొంతు కోసెదనని బహిరంగముగా సైగ చేసినాడు. వారి కుటుంబముతో మా కుటుంబమునకు పాత తగాదాలేవియు లేవు. అయినను నా ప్రాణమునకు తగిన రక్షణ కల్పించగలరని ప్రార్థన. మరియు నా విమానమును స్టేజీ దగ్గరకు మార్పించగలరు.”

చివరి వాక్యం గమనించండి. ప్రాణభయంలోనూ మనిషి చోటు సంగతి మర్చిపోలేదు. అది ఇంజను ఆపమనే సైగ సార్ అని నచ్చజెబితే, ఆ మాట నోటితో చెప్పొచ్చు గదా అంటాడు. ఇంజను ఆగితే గదా నోటిమాట వినబడేది!

దుమ్ము ఫిర్యాదు గురించి ఎక్కువ చెప్పను. ఇంజను ఆపి నలుగురు చేత్తో తోసుకుంటే సరిపోయేదానికి, మనవాడు తోకను జనం వైపు తిప్పి గ్యాసు పెంచుతాడు. వెనక వరసంతా మట్టి. ఉగ్గాని ప్లేటు ఎగిరిపోయి, చేతిలో బజ్జీ ఒకటే మిగిలిన ఆయన మండిపడి అర్జీ రాస్తాడు. ఎవరి మీద? గ్యాసు పెంచిన ఆయన మీద కాదు, దారి చూపించిన పిల్లవాడి మీద.

తాళ్ళ గొడవ ఇంకొకటి. నిలిపిన చిన్న విమానాన్ని నేలకు కట్టి తీరాలి. బరువు తక్కువ, రెక్కలు పెద్దవి, గాలి లేస్తే అది పైలట్ కోసం ఆగదు. ఫ్లోరిడాలో లేక్‌ల్యాండ్‌లో జరిగే సన్ ఎన్ ఫన్ అనే ఫ్లై-ఇన్ మీద 2011 మార్చి 31న తుఫాను విరుచుకుపడితే ఎన్నో విమానాలు తలకిందులయ్యాయి. మనకూ గాలికేం తక్కువ లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు అలంకారానికి పెట్టలేదు. అయినా తాడు కట్టండి సార్ అని రెండోసారి అడిగిన పిల్లవాడి మీద ‘వేధింపులు’ అనే శీర్షికతో కాగితం వస్తుంది. ఓర్వకల్లు రాళ్ళను చూసేదానికి జనం టికెట్టు కొని మరీ పోతారు. అట్లాంటి నేలలో తాడు కట్టే గూటం దిగకపోతే అది కూడా సుత్తి పట్టుకున్నవాడి తప్పే.

ఇందులో చట్టం ఏమంటుందని కొందరు అడగవచ్చు. విమానం భద్రతకు చివరి బాధ్యత పైలట్‌దే అని అంతర్జాతీయ నియమం. కింద కర్రలు ఊపేవాడు దారి చూపుతాడంతే. రెక్క తగులుతుందనిపిస్తే ఆగాల్సింది లోపల కూర్చున్నవాడే. అంటే బాధ్యత ఒకరిది, తిట్లు ఇంకొకరివి. పనిని ఇంత సమానంగా పంచిన ఏర్పాటు మన ఉమ్మడి కుటుంబాల్లో కూడా లేదు.

మధ్యలో ఒక చిన్న విషయం. తొందరలో ఉన్న పాఠకులు దీన్ని దాటేసినా నష్టం లేదు, రేపు ఫిర్యాదులు చూసే కమిటీ కూడా దాటేస్తుంది.

తోక కింద చక్రం ఉండే పాతరకం విమానాలు కొన్ని వస్తాయి. నేల మీద ఉన్నప్పుడు వాటి మూతి ఆకాశం వైపు ఉంటుంది, లోపలివాడికి ఎదురుగా ఏముందో కనబడదు. అందుకే ముక్కు కాసేపు ఎడమకు, కాసేపు కుడికి తిప్పుతూ, పక్కల నుంచి తొంగిచూసుకుంటూ వస్తాడు. తెలియని పిల్లవాడు ఈయన తాగొచ్చినాడేమో అనుకుని, సరిగ్గా ముక్కుకు ఎదురుగా నిలబడి కర్రలు ఊపుతాడు. పైలట్ కళ్ళు నీకు కనబడకపోతే నువ్వు కూడా ఆయనకు కనబడనట్టే అని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పి ఉండరు. తిరిగే ప్రొపెల్లర్‌తో ఇంకో తంటా, దాని రెక్కలు కంటికి ఆనవు. ఒక విమానాన్ని చూసుకుంటూ వెనక్కి నడిచేవాడి వీపు వెనక ఇంకో విమానం ఇంజను నడుస్తూ ఉండవచ్చు.

దీని మీద కూడా ఒక కాగితం వస్తుంది. నోటుబుక్కులో చింపిన సగం పేజీ, బాల్‌పెన్ను రాత: “నాలుగో వరస మలుపులో రెక్క చివర చూసేదానికి ఎవరూ లేరు. వెనక్కి నడిచే పిల్లోనికి పక్క విమానం కనపడదు. ఇంకొక మనిషిని పెట్టండి. పిల్లోళ్ళు పొద్దున్నుంచి ఎండలోనే ఉండారు, నీళ్ళు కూడా పంపండి.” అంతే. సంతకం లేదు.

ఈ కాగితాన్ని స్వీకరించడం సాధ్యం కాదు. ఆధార్ జిరాక్సు జతచేయలేదు. ఎవరి మీద ఫిర్యాదో రాయలేదు. ఎవరినీ తీసేయమని కోరలేదు, క్షమాపణ అడగలేదు, పత్రికలవాళ్ళకు కాపీ పంపలేదు. ఫిర్యాదుకు ఉండాల్సిన లక్షణం ఒక్కటీ లేదు. అమెరికాలో 1976 నుంచి నాసా ఒక ఏర్పాటు నడుపుతోంది: పైలట్లు, కంట్రోలర్లు, మెకానిక్కులు తమ పొరపాటునో, తాము చూసిన ప్రమాదాన్నో రాసి పంపితే, పేర్లు తీసేసి, విషయాన్ని మాత్రం అందరికీ చెబుతారు. పేరు తీసేస్తే ఫిర్యాదులో ఇంక ఏం మిగులుతుందండీ? మనకు అసలు సరుకే పేరు. మలుపు, వరస, మనిషి, నీళ్ళు లాంటివి ఎవరికి కావాలి?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఫిర్యాదుల కమిటీ వేయాలి. అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు నలుగురు, కన్వీనర్లు వరసకొకరు, గౌరవ సలహాదారులు వచ్చినంతమంది. కమిటీకి షామియానా, కూలర్లు రెండు, మధ్యాహ్నం రాగి సంకటి, నాటుకోడి పులుసు. నీడ గురించి వచ్చిన అర్జీలు ఎర్ర ఫైల్లో, అతి జరూరు. గొంతు సైగవి పోలీసు బందోబస్తుతో విచారణ. చోటు గురించినవి పలుకుబడిని బట్టి. సగం పేజీ కాగితాలు టీ గ్లాసుల కింద. ప్రతి అర్జీదారుకూ సాయంత్రంలోగా ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు మెసేజీ వెళ్ళాలి. సమస్య ఏమిటో చదవడం తర్వాత చూసుకోవచ్చు.

ఈ ఏర్పాటులో ఒకటే ఇబ్బంది కనబడుతోంది. పార్కింగుకు పేర్లిమ్మంటే పీఈటీ సారూ, ఇద్దరు పిల్లలూ తప్ప ఎవరూ రారు. కమిటీకి పేర్లిమ్మంటే షామియానా చాలదు. కింద దారి చూపేవాళ్ళు ముగ్గురే ఉంటే విమానాలను గంటకు ఎన్నని దించగలం? దీనికీ ఆష్‌కాష్‌లోనే దారి దొరికింది. అక్కడ రద్దీ మించితే వచ్చే విమానాలను దగ్గర్లోని రష్ లేక్, గ్రీన్ లేక్ అనే సరస్సుల చుట్టూ తిరుగుతూ ఉండమంటారు. మనకు సుంకేసుల బ్యారేజీ ఉంది, గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది. విచారణలు పూర్తయ్యేదాకా విమానాలన్నీ వాటి చుట్టూ గాలిలోనే తిరుగుతుండాలని, పెట్రోలు ఖర్చు ఎవరిది వారే పెట్టుకోవాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానిస్తుంది. తనను సుంకేసులకు కాకుండా గాజులదిన్నెకు ఎందుకు పంపినారని అడగదలచినవాళ్ళు సోమవారం పదింటికి, రెండు ఫొటోలతో, స్వయంగా హాజరు కావాలి.