641 గుడ్డిగా దొరకలేదు

ఫెర్మా సంఖ్యల మీద మీ వ్యాసం బాగుందండీ. కానీ 4,29,49,67,297ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో గణితవేత్త ఆయిలర్ ఒక్కో సంఖ్యతో భాగించుకుంటూ పోయి కనిపెట్టాడన్నట్టు రాశారు. అసలు అందమంతా అక్కడే జారిపోయింది.

2కి 1, 2, 4, 8, 16, 32... ఇలా రెట్టింపవుతూ పోయే ఘాతాలు తీసుకుని 1 కలిపితే వచ్చేవే ఫెర్మా సంఖ్యలు. 2కి 32వ ఘాతం తీసుకుని 1 కలిపితే వచ్చేదే ఈ సంఖ్య. దీనికి ముందున్న 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఇదీ అంతేనని ఆ పేరుకి మూలమైన గణితవేత్త ఫెర్మా నమ్మాడు. అయితే దీని కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాల్సిందే. దీన్ని నిరూపించింది ఆయిలరే. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. చూశారా, ఐదోదే! 1878లో లూకా అనే గణితవేత్త ఆ 64ని 128గా బిగించాక 641కి ముందు 257 ఒక్కటే మిగిలింది.

భాగహారం చెయ్యకుండానే పిల్లలకు చూపించే దారి కూడా ఉంది, టీచర్లెవరైనా ఉంటే చూడండి. 641 అంటే 5×128+1. అంటే 5×128 అనేది 641కి ఒకటి తక్కువ, కాబట్టి దాన్ని 641తో భాగిస్తే శేషం మైనస్ 1 అనుకోవచ్చు. నాలుగో ఘాతం తీసుకుంటే 625×(2కి 28వ ఘాతం) శేషం 1. మరోపక్క 641 అంటే 625+16, కాబట్టి 625 స్థానంలో మైనస్ 16 పెట్టొచ్చు. 16 అంటే 2కి 4వ ఘాతం. అంటే మైనస్ (2కి 32వ ఘాతం) శేషం 1. అంటే 2కి 32వ ఘాతం శేషం మైనస్ 1. ఇక దానికి 1 కలిపితే సున్నా!

భాగఫలం 67,00,417 కూడా ప్రధాన సంఖ్యే. 65537 తర్వాత ఫెర్మా సంఖ్యల్లో ఇంతవరకూ ఒక్క ప్రధాన సంఖ్యా దొరకలేదు. దాని మీద ఇంకో వ్యాసం రాయండి, దయచేసి.