ఎట్-విల్ అయితే మాత్రం నోరెత్తకూడదా?

అమెరికాలో ఉద్యోగం పోయిందనగానే మనవాళ్ళ నోట్లోంచి వచ్చే మొదటి మాట "ఎట్-విల్ కదా, ఏం చేస్తాం". నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఎట్-విల్ అంటే కారణం చెప్పకుండానే ఎప్పుడైనా తీసేయొచ్చని. మోంటానా తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ అదే పద్ధతి, కాదనను. కానీ ఏ కారణంతోనైనా తీసేయొచ్చని మాత్రం కాదు. జాతి, మతం, వయసు, గర్భం చూసి తీసేసినా, వివక్ష మీద కంప్లైంట్ ఇచ్చారన్న కక్షతో తీసేసినా అది చట్టవిరుద్ధమే.

అసలు ఆటంతా సెవరెన్స్ కాగితం, అంటే తీసేసేటప్పుడు ఇచ్చే డబ్బు ఒప్పందం దగ్గరుంది. పావుగంట జూమ్ కాల్, అది అయ్యీ అవకముందే ల్యాప్‌టాప్ లాక్, పర్సనల్ మెయిల్‌కి ఓ పీడీఎఫ్. ఇంత డబ్బిస్తాం, మా మీద కేసు వెయ్యనని రాసివ్వు అని దాని సారాంశం. ఇన్సూరెన్స్ పోతుంది, పిల్లల స్కూలు, ఇంటి లోను, ఆ కంగారులో చదవకుండానే సంతకం కొట్టేస్తారు. 40 నిండినవాళ్ళని వయసు వివక్ష కేసు వదులుకోమంటే ఆలోచించుకోడానికి 21 రోజులివ్వాలి, గ్రూప్ లేఆఫ్, అంటే కొందరిని కలిపి తీసేస్తే 45, పైగా సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు. 1990 నుంచి ఉన్న చట్టం ఇది. మనలో ఎంతమందికి తెలుసు?

తేలిగ్గా తీసేయగలరు కాబట్టే తేలిగ్గా ఉద్యోగంలోకి తీసుకుంటారు, ఉద్యోగి కూడా ఎప్పుడైనా మానేయొచ్చు కదా అంటారు కొందరు. సిటిజన్ అయితే సరే. హెచ్-1బీ వర్క్ వీసా మీదున్నవాడికి ఉద్యోగం పోతే ఉండేది మహా అయితే 60 రోజులు, ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా వీసా స్టేటస్ మార్చుకోవాలి, లేదా పెట్టే సర్దుకోవాలి, ఇక ఇందులో సమానత్వం ఎక్కడుందండీ? వీసా గడువుకి ముందే తీసేస్తే తిరుగు ప్రయాణం ఖర్చు కంపెనీయే ఇస్తాననాలి, పని లేదని బెంచ్ మీద కూర్చోబెట్టినా జీతమివ్వాలి. అడిగేవాడేడీ?

ఇక మన తెలుగు సంఘాల సంగతి. రెండేళ్ళకోసారి కన్వెన్షన్, హీరోలు, మ్యూజికల్ నైట్, బాంక్వెట్, ఎవరి ఫొటో పెద్దదని గొడవ. కులానికో వర్గం, వర్గానికో ప్యానెల్. ఎలక్షన్లకి పెట్టే ఖర్చులో ఓ పిసరు తీసినా లేబర్ లాయర్లతో హెల్ప్‌లైన్ నడుస్తుంది. వివక్ష మీద ఈఈఓసీకి, అంటే ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థకి వెళ్ళాలంటే గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300, ఆ ముక్క మనవాళ్ళకి చెప్పడానికి ఏ హీరో డేట్లూ అక్కర్లేదు.