బస్టాప్ బెంచీ గారికి, నిలబడి రాస్తున్న ఉత్తరం

శ్రీ స్టీలు పైపుల బెంచీ గారికి,

హైదరాబాద్ ఎర్రగడ్డల రోజూ పొద్దున పటాన్‌చెరు పోయే 218 బస్సు కోసం మెడ సాగదీసే మనిషి నమస్కారం పెట్టి రాసుకునేది. ఎర్రగడ్డ అనంగనే పిచ్చాసుపత్రి యాదికొచ్చి నవ్వేటోళ్లు ముందే నవ్వేయండి, ఆ జోకు మా నాయన చిన్నప్పటి నుంచి నడుస్తనే ఉంది.

కూసొని రాద్దామనే అనుకున్న, మీరే ఒప్పుకోలే. ఉన్నయి రెండు పైపులు, నడుమ జానెడు సందు, పైగా ముందుకి వాలు. ఒక పైపు నడుం కింద, ఇంకోటి తొడల కింద, అసలు మనిషేమో సందులకు దిగిపోతుంటడు, జారకుండ ఉండాలంటే రెండు కాళ్లు నేలకు తన్నిపెట్టి పట్టుకోవాలె, అంటే కూసున్నా నిలబడ్డంత పనే. లేచి చూస్కుంటే ప్యాంటు మీద రెండు అడ్డగీతలు. ఆఫీసుల మావోడొకడు ఆ గీతలు చూసి "ఇయ్యాల బస్సు లేటా అన్నా" అనేస్తడు, అంత గుర్తు పట్టిండు.

మే నెలల అయితే మీ గురించి చెప్పనక్కర్లే. పైన కప్పుంది కదా అంటరు, ఉంది, గానీ పొద్దున ఎండ పైనుంచి రాదు కదండీ, ఎదురుంగ వస్తది. అది మీకు తెల్వకపోయినా మిమ్మల్ని గీసిన సారుకన్నా తెలవాలె. తొమ్మిదింటికల్లా మీరు పెనం. మొన్నొక పిల్లగాడు కూసోబోయి కెవ్వుమని లేస్తే వాళ్లమ్మ "మెల్లగ రా, దోశ అయితవ్" అన్నది, మేమందరం నవ్వినం, తర్వాత ఎవ్వరం కూసోలే.

మీ ఖాందాన్ గురించి కొంచెం చదివిన. లండన్‌ల కామ్డెన్ బెంచీ అని మీకు చుట్టం ఒకడున్నడు, 2012ల పుట్టిండు, కాంక్రీటు దిమ్మె, యాడ చూసినా వాలే, ఇల్లు లేనోడు పండుకోవద్దు, పిలగాండ్లు స్కేట్‌బోర్డు ఆడొద్దు అని లెక్క కట్టి చేసిన్రట. ప్రపంచమంతా తిట్టిన్రు, అది వేరే సంగతి. కానీ వాడికి కనీసం ఎవర్ని తరమాలో తెలుసు. మీరు ఎవర్ని తరుముతున్నరు సారూ? రాత్రి ఒక తాగుబోతు పండుకుంటడేమోనన్న భయానికి, పగలంతా మోకాళ్ల నొప్పుల ముసలోళ్లని, కడుపుతో ఉన్న ఆడపిల్లల్ని, నైట్ డ్యూటీ దిగిన నర్సమ్మల్ని నిలబెడుతున్నరు. ఆ తాగుబోతేమో హాయిగ మీ పక్కన ఫుట్‌పాత్ మీదనే పండుకుంటున్నడు. ఆయనకు మీతో పనే పడలే.

మీ ఎన్కాల ఉన్న బోర్డు సంగతి ఇంకా బాగుంటది. దాంట్ల ఒక భార్యాభర్త, కొత్త ఫ్లాటు, మెత్తటి సోఫా, కాళ్లు చాపుకొని చాయ్ తాగుతున్నరు. మా బస్టాప్ మొత్తానికి సుఖంగ కూసున్నోళ్లు వాళ్లిద్దరే. వాళ్ల మొహం కూడా మా దిక్కు లేదు, రోడ్డు దిక్కు ఉంది, కార్లోళ్లకు కనపడాలె కదా. రాత్రి వాళ్ల మీద ఫుల్లు లైటు, మాకు ఏ బస్సు ఎప్పుడొస్తదో చెప్పే కాగితం ముక్క లేదు. దీంట్ల మర్మం ఏం లేదు, ఊళ్లె చానా స్టాపులకు ఉన్న పద్ధతే: షెల్టర్ కట్టేది యాడ్ ఏజెన్సీ, కట్టినందుకు కొన్నేండ్లు బోర్డులు అమ్ముకునే హక్కు. అట్లాంటప్పుడు కప్పు ఏసింది బోర్డు కోసం గానీ మన కోసం కాదు. మీరు దాని కింద అలంకారం, పెండ్లి ఫొటోల పూలకుండీ లెక్క.

2018ల ఖైరతాబాద్ దగ్గర ఏసీ బస్టాప్ పెట్టినప్పుడు మా అత్తమ్మని తీస్కపోయి చూపించిన, అద్దాలు, చల్లగాలి, ఫోన్ ఛార్జింగు. ఆమె లోపల పది నిమిషాలు కూసొని "బస్సు రాకపోయినా మంచిదేరా" అన్నది. నేను ఏసీ అడుగుతలే. ఒక చెక్క అడుగుతున్న, చదునుగ.

ఇగ మేము ఏడ నిలబడ్తమో తెలుసా, మెట్రో పిల్లర్ నీడల. 2017 నవంబర్‌ల మియాపూర్ నుంచి నాగోల్ దాకా మెట్రో ఓపెనైనప్పటి నుంచి మాకు దొరికిన అసలు షెల్టర్ అదే, ఎవరూ మా కోసం కట్టలే, అట్ల కలిసొచ్చింది. రోడ్డు నడుమ పిల్లర్ నీడ పొద్దున మా ఫుట్‌పాత్ మీదికి పట్టీ లెక్క పడ్తది, దాంట్ల ఒకరెనుక ఒకరం నిలబడ్తం, నీడ జరిగితే మేము జరుగుతం. బయటి ఊరోళ్లు చూస్తే అబ్బ ఈళ్లు ఎంత పద్ధతిగ లైను కట్టిన్రు అనుకుంటరేమో.

బస్సు కూడా మీ ముందు ఆగదు. డ్రైవరన్న తప్పు కాదు, మీ ముందట ఆరు షేర్ ఆటోలుంటయి, ఆయన యాభై అడుగులు అవతల నడి రోడ్ల ఆపుతడు, మేం ఉరుకుతం.

మొన్న రైతుబజార్ నుంచి ఒక పెద్దమ్మ రెండు సంచులతోని వచ్చింది. కూసుందామని చెయ్యి పెట్టి చూసి, "ఏందిర బిడ్డా ఇది, బర్రెలకు కట్టిన దడి లెక్క ఉంది" అని మీ మీద సంచులు పెట్టి పక్కకు నిలబడ్డది. సంచుల పట్టని సొరకాయని పొడుగ్గ మీ రెండు పైపుల నడుమ పెట్టింది. ఎంత చక్కగ కూసుందంటే, కొలత తీసి చేయించినట్టు. జారలే, కదల్లే. అప్పుడు సమజైంది నాకు, మిమ్మల్ని గీసిన సారు మనసుల ఏముండెనో.

ఇంతల బస్సొచ్చింది, యథావిధిగ అవతల ఆగింది. పెద్దమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి ఉరికింది, నేనొక సంచి అందుకున్న, కండక్టరమ్మ జీరో టికెట్ కొట్టి "ముందుకి నడువు అవ్వా" అన్నది. సీటు దొరకంగనే పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, నా సొరకాయ!"

అద్దంల నుంచి చూసిన. మీ ఒళ్లె హాయిగ పండుకొని ఉంది.

ఇట్లు,
పిల్లర్ నీడల మూడో మనిషి