సిరాజ్ గుండె గురించి చాలు, బౌలింగ్ గురించి మాట్లాడుకుందాం

మహ్మద్ సిరాజ్ మీద తెలుగులో ఏ కథనం తెరిచినా రెండో పేరాకల్లా ఆటో, దాని వెంటే అతని గుండె ధైర్యం మీద పొగడ్త వచ్చేస్తాయి. నాన్న గౌస్ ఆటో నడిపి కొడుకుని పెంచారు, 2020 నవంబరులో ఆయన పోయినప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్న సిరాజ్ ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయాడు. ఇవన్నీ నిజాలే, ఎన్నిసార్లు చదివినా మనసు బరువెక్కుతుంది. కానీ 2019 ఐపీఎల్‌లో కోల్‌కతా మీద రెండు బీమర్లు (నేలను తాకకుండా బ్యాటర్ నడుము పైకి దూసుకొచ్చే బంతులు) వేసి ఓవర్ మధ్యలోనే బౌలింగ్ ఆపేయాల్సి వచ్చిన రోజుల్లో జనం అతన్ని అన్న మాట ఏంటో తెలుసా? క్రికెట్ మానేసి వెళ్లి మీ నాన్నతో ఆటో తోలుకో అని. సిరాజే తర్వాత చెప్పాడు ఈ సంగతి. తిట్టడానికీ ఆటోయే, పొగడడానికీ ఆటోయే, చేతిలో ఉన్న బంతి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

నాకు కోపం తెప్పించేది ఇదే. గల్లీల్లో టెన్నిస్ బాల్‌తో ఆడి, 2016-17 రంజీలో హైదరాబాద్ తరఫున 41 వికెట్లు తీసి, ఏ బేస్ లేకుండా పైకొచ్చిన కుర్రాడిలో ఉన్నది కసి ఒక్కటేనా? రాజ్‌కోట్‌లో మొదటి టీ20లో 4 ఓవర్లకు 53 పరుగులిచ్చినవాడు, 2020 ఐపీఎల్‌లో అదే కోల్‌కతా మీద రెండు మెయిడెన్లు (పరుగే ఇవ్వని ఓవర్లు) వేసి 8 పరుగులకు 3 వికెట్లు తీశాడంటే మధ్యలో ఎంత పని జరిగి ఉండాలి!

అతని వాబుల్ సీమ్‌నే చూడండి. వేళ్లు సీమ్‌కి, అంటే బంతి మీది కుట్టుకి, రెండు పక్కలా కాస్త ఎడంగా పెట్టి వదిలితే సీమ్ నిటారుగా నిలవకుండా ఊగుతూ వెళ్తుంది, పిచ్ మీద పడ్డాక ఎటు తిరుగుతుందో బ్యాటర్ ఊహించలేడు, ఒక్కోసారి బౌలర్ కూడా చెప్పలేడు. దీన్ని రోజంతా ఒకే లెంగ్త్‌లో వేయగలగడం కసితో వచ్చేది కాదు, మణికట్టుకు అలవాటైన విద్య. 2023 ఆసియా కప్ ఫైనల్లో ఒకే ఓవర్లో నాలుగు వికెట్లు తీసి శ్రీలంకను 50కే చుట్టేయడానికి, 2024 జనవరిలో కేప్‌టౌన్‌ టెస్టులో దక్షిణాఫ్రికా మీద 15 పరుగులకే 6 వికెట్లు తీయడానికి పిచ్, వాతావరణం సాయం చేశాయంటారు. చేశాయి, ఒప్పుకుంటా. ఆ సాయం అందరికీ ఉంటుంది, వాడుకోవడం అందరికీ రాదు.

లండన్‌లోని ఓవల్ మైదానం మాత్రం వేరే కథ. 2025 ఆగస్టు 4, ఇంగ్లండ్‌తో ఐదో టెస్టు ఆఖరి రోజు, గెలవడానికి వాళ్లకు ఇంకా 35 పరుగులు కావాలి. ముందురోజు ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ 19 మీద ఉండగా క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కేశాడు సిరాజ్, బ్రూక్ 111 కొట్టాడు. ఆ టెన్షన్ మోసుకుంటూ వచ్చి జేమీ స్మిత్‌ని ఆఫ్ స్టంప్ బయట ఆడించి కీపర్ క్యాచ్‌గా, ఓవర్టన్‌ని ఎల్బీగా, చివరికి అట్కిన్సన్‌ని యార్కర్‌తో బౌల్డ్‌గా వెనక్కి పంపాడు. మూడు వికెట్లు, మూడు వేర్వేరు పద్ధతులు. 6 పరుగుల తేడాతో గెలిచాం. మర్నాడు ఎక్కడ చూసినా "సింహం గుండె" అనే మాటే. స్మిత్‌ని ఎలా సెట్ చేశాడో రాసినవాళ్లు చాలా తక్కువ.

2025 చాంపియన్స్ ట్రోఫీకి అతన్ని తీసుకోనప్పుడు, కొత్త బంతి లేకపోతే ప్రభావం తగ్గుతోందని అప్పటి కెప్టెన్ రోహిత్ అన్నాడు. నాకు ఆ నిర్ణయం నచ్చలేదు, కానీ కనీసం అది బౌలింగ్ గురించిన మాట. దానికి సిరాజ్ జవాబు కూడా బౌలింగ్‌తోనే వచ్చింది, ఆ ఏడాది ఐపీఎల్‌లో, ఉప్పల్‌లో సొంతూరి జనం ముందే గుజరాత్ తరఫున సన్‌రైజర్స్ మీద 17 పరుగులకు 4 వికెట్లు.

గుండె గుండె అని పొగడడంలో ఇంకో నష్టం ఉంది. గుండె ఉన్నవాడు అలసిపోడని అందరూ అనుకుంటారు. ఆ ఇంగ్లండ్ సిరీస్‌లో బుమ్రా మూడు టెస్టులే ఆడతాడని ముందే చెప్పారు, అతని వెన్ను గాయాల చరిత్ర చూస్తే అది సరైన పనే. సిరాజ్ ఐదూ ఆడాడు, 185.3 ఓవర్లు, రెండు జట్లలో అందరికంటే ఎక్కువ, 23 వికెట్లు. 1994లో పుట్టిన ఫాస్ట్ బౌలర్ మోకాళ్లకు, మడమలకు కూడా లెక్క ఉంటుంది. బుమ్రాకు వేసినట్టే సిరాజ్‌కీ సిరీస్ మొదలవకముందే ఎన్ని టెస్టులు, ఎన్ని ఓవర్లు అని కూర్చుని లెక్క వేయండి, అతను ఇంకా వేస్తానని బంతి అడిగినా సరే.