మహారాజశ్రీ లేసుల బూట్ల జతకి

మహారాజశ్రీ కుడి బూటు, ఎడమ బూటు గార్ల సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇచ్చట నేనూ, మా ఆవిడా, మా అమ్మా క్యోటోలోని ర్యోఆన్‌జీ గుడి వసారాలో సాక్సులతో కూర్చుని క్షేమం. అచ్చట గుమ్మం దగ్గరి చెక్క అరలో మీరూ క్షేమంగానే ఉండి ఉంటారు. మీకేం లోటు? ఈ ఎనిమిది రోజుల యాత్రలో నా కాళ్లకంటే అరల్లోనే ఎక్కువసేపు ఉన్నారు.

మిమ్మల్ని కొన్నరోజు గుర్తుందా? "జపాన్ అంటే రోజుకి 20 వేల అడుగులు సార్, చీలమండకి సపోర్టు ఉండాలి" అన్నాడు కొట్టబ్బాయి. అడుగుల లెక్క నిజమే. వాటిలో సగం మిమ్మల్ని చంకలో పెట్టుకుని నేను వెయ్యాలని మాత్రం చెప్పలేదు. ఒక్కో బూటుకి 14 కన్నాలు, జతకి 28. పగవాడికి కూడా వద్దు.

మన దగ్గర లెక్క సులువు. దేవుడుంటే చెప్పులు విడుస్తాం, లేకపోతే లేదు. ఆ ఒక్క సూత్రం పట్టుకుని టోక్యోలో దిగాను. మొదటి రోజే మెయిజీ జింగూ గుళ్లో చెట్టు కింద వంగి మీ ముడులు విప్పబోతుంటే మా ఆవిడ గిల్లింది. చుట్టూ ఉన్నవాళ్లు బూట్లతోనే నిలబడి రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఓసారి వంగి చక్కాపోతున్నారు. సరేనని భోజనానికి వెళ్తే, చాపలు పరిచిన హోటల్లో విప్పమన్నారు. దేవుడి దగ్గర తొడుక్కుని నూడుల్స్ దగ్గర విడిచానన్నమాట. మూడో రోజుకి గానీ బోధపడలేదు, వీళ్ల మడి దేవుడికి కాదు, నేలకి. ఎత్తు మీద చెక్కపలకో తతామీ చాపో కనిపించిందంటే ఎంతటివాడైనా విప్పాల్సిందే.

నారాలో అమ్మతో వచ్చింది అసలు చిక్కు. అక్కడి తోదాయ్‌జీ గుళ్లో 15 మీటర్ల కంచు బుద్ధుడున్నాడు. 752లో ఆయనకి కళ్లు దిద్దినవాడు భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. ఆయన చేతిలోని కుంచెకి పొడవాటి దారాలు కట్టి, వచ్చినవాళ్లు వాటిని పట్టుకున్నారట. ఈ సంగతి అమ్మకి చెప్పడమే నా పొరపాటు. "మనవాడు కళ్లు దిద్దిన దేవుడి ముందుకి చెప్పులతోనా?" అని గుమ్మం బయటే హవాయి చెప్పులు విడిచేసింది. కాపలా ఆయన పరిగెత్తుకొచ్చి, రెండు చేతులతో చెప్పులు చూపించి వంగి వంగి దండాలు పెట్టాడు. వేసుకోమని ఆయన, వేసుకోనని ఈవిడ. బయట జింకలు కూడా వంగి దండాలు పెడుతున్నాయి గానీ, అవి బిస్కెట్ల కోసం.

ఇంకో ఇబ్బంది ఉంది. మన గుళ్లో సగం భక్తి బయట విడిచిన చెప్పుల మీదే ఉంటుంది. ఒక చెప్పు ఈ స్తంభం దగ్గర, రెండోది ఆ స్తంభం దగ్గర విడిచే విద్య మా నాన్న నేర్పాడు. అలవాటు కొద్దీ మిమ్మల్ని కూడా విడదీసి రెండు అరల్లో పెట్టాను. బయటికొచ్చేసరికి ఎవరో మహానుభావుడు మీ ఇద్దర్నీ కలిపి, మూతులు గుమ్మం వైపు తిప్పి పెట్టాడు. దొంగల భయం లేకపోతే ధ్యానం దేనిమీద నిలపాలండీ?

నిజో కోటలో అడుగేస్తే నేల పిట్టలా కూస్తుంది. 1867లో షోగన్, అంటే సైనిక పాలకుడు, తొకుగావా యోషినోబు అధికారాన్ని చక్రవర్తికి అప్పగించేస్తానని ప్రకటించింది ఈ కోటలోనే. రెండున్నర శతాబ్దాల పెత్తనాన్ని ఆయన విడిచిపెట్టేశాడు. నేనేమో గుమ్మంలో ఎడమ బూటు విడవలేక కూలబడ్డాను, వెనకాల బడిపిల్లలు వరసకట్టి నిలబడ్డారు. హిమేజీ కోటలో మిమ్మల్ని ప్లాస్టిక్ సంచిలో వేసుకుని నిచ్చెనల్లాంటి మెట్లెక్కి పైదాకా మోశాను. భరతుడు పాదుకలు మోశాడంటే అవి రాముడివి. నేను మోసినవి నావే, అందులోనూ వానకి తడిసినవి.

సాన్‌జూసాన్‌గెన్‌దో గుళ్లో కన్నన్ అనే కరుణామయ బోధిసత్వుడి విగ్రహాలు 1001, వాటికి 28 మంది రక్షక దేవతలు. ఇంద్రుడు, బ్రహ్మ ఉన్నారు. మన గరుత్మంతుడు కరురా అని పేరు మార్చుకుని వేణువూదుతున్నాడు. సొంతూరు వదిలి ఇంత దూరం వచ్చి సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాసేపు చూద్దామనుకున్నాను. మీ 28 కన్నాలతో కుస్తీ పట్టి నేను లోపలికెళ్లేసరికి మా ఆవిడ అందర్నీ పలకరించి బయటికొస్తోంది.

అన్యాయం ఎందుకు, మీకు పని తగిలిన చోటు ఒకటుంది. ఫుషిమి ఇనారి కొండ. 233 మీటర్లు బాగానే ఎక్కించారు. ఎర్ర తోరీల, అంటే గుడి ద్వారాల, స్తంభాల వెనకవైపు దాతల పేర్లు చూసి, మన గుళ్లో ఫ్యాను రెక్కలు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది.

ఇక ఈ ర్యోఆన్‌జీ. తోటలో 15 రాళ్లున్నాయి, వసారాలో ఎక్కడ కూర్చున్నా ఒకటైనా కనపడదు. అమ్మ మూడుసార్లు లెక్కపెట్టి, "ఒకటి ఎవడో ఎత్తుకుపోయాడ్రా" అంది.

మీకు తెలియాల్సిన మాట ఒకటి. ఇందాక అరల దగ్గర అమ్మ ఒక్క క్షణంలో చెప్పులు విడిచింది. హవాయి చెప్పుకి మూలం ఇక్కడి జోరీ అనే చెప్పే. దాంట్లోకి వేసుకోవడానికి మన బజార్లో దొరికే, బొటనవేలు విడిగా ఉండే సాక్సులు తొడుక్కుంది. పక్కన కిమోనో కట్టుకున్న పెద్దావిడ ఆ సాక్సులు చూసి, తన పాదం ముందుకి చాపి చూపించింది. తెల్లటి తాబీ సాక్సు, అదే చీలిక. ఇద్దరూ ఒకరి కాళ్లు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను ఇంకా ఏడో కన్నం దగ్గరున్నాను. అమ్మ మీకేసి చెయ్యి చూపి, "మా అబ్బాయివి" అని తెలుగులోనే చెప్పింది. ఆవిడ మిమ్మల్ని చూసి, నన్ను చూసి, నాకు కాస్త ఎక్కువగానే వంగి దండం పెట్టింది.

ఇట్లు,
మిమ్మల్ని మోసినవాడు